కొట్టేసిన సున్నా

గుల్ల ఏరే పేమ్మాడి సింగారమ్మకు
జల్లెట్లో ఒక చప్పుడు తేడాగా వినబడిందట.
గవ్వ మీద గవ్వ పడితే ఎండు నవ్వు,
ఇది మాత్రం దగ్గింది.

కోరంగి బురద కడిగి
ఐసు ఫ్యాక్టరీ కిటికీలోంచి చెయ్యి దూర్చి
నా బల్ల మీద పెట్టింది.
"బిళ్ళలు లెక్కపెట్టేవాడివి గదా, ఇదేం బిళ్ళో చెప్పు."

చూడగానే తెలిసింది నాణెం కాదని.
రాజు తల లేదు, సింహం లేదు,
దారం కట్టుకోడానికి చిల్లు,
అచ్చు పడ్డాక ఎవరో సుత్తితో విడిగా కొట్టిన నలభై ఏడు,
ఏడు కాస్త ఒరిగి.
నాణేనికి వరసంకె ఉండదు.
వరసంకె ఉందంటే ఎక్కడో ఒక పుస్తకం ఉంది,
పుస్తకం ముందు నాలాంటివాడొకడు.

రెండో వైపు ఒకటి.
దాని కింద నాలుగు ఇంగ్లీషు అక్షరాలు,
మూడోది మటుకు
అడ్డంగా గీత పడ్డ సున్నా.
నా పుస్తకంలో అలా గీస్తే
బాకీ చెల్లిపోయినట్టు.

కొమ్మోజు భద్రాచారి ఒరగల్లు మీద గీసి
యాసిడ్ చుక్క వేసి, చార మాయమయ్యాక
"బంగారం కాదమ్మా" అన్నాడు.
"నేనడిగానా?" అంది సింగారమ్మ.
యానాంలో ఒకరు ఫ్రెంచివాళ్ళదన్నారు.
పాలకొల్లు ఆసామి డచ్చివాళ్ళదన్నాడు.
ఎవరూరికి ఎవరొస్తే వాళ్ళదే.

చివరికి జగన్నాయకపురంలో
కళ్ళకు పొరలు కమ్మిన మీరావలి సారంగు
వేలితో తడిమి చదివాడు.
"సున్నా కాదురా, వాళ్ళ అచ్చు.
పెదాలు 'ఊ'కి చుట్టి, లోపల 'ఏ' అను."
ముగ్గురం వాకిట్లో నిలబడి అన్నాం.
పక్కింటి మేక తలెత్తి చూసింది.

"రొట్టె," అన్నాడు సారంగు.
ఓడ కదలని ఏదో మంచు రేవులో
పదకొండు రోజులు కొట్టు అద్దం మీద చదివిన మాట.
"నార్వేనో డెన్మార్కో,
రొట్టెకి ఇద్దరికీ ఒకటే మాట.
బేకరీవాడి పేరు అరిగి తోక మిగిలింది, ఏదో సెన్.
అక్కడ సగం ఊరు సెన్‌లే."

తిరుగు ఆటోలో చొల్లంగి దాటాక
"బిళ్ళ ఇస్తేనే గదా రొట్టె ఇచ్చేది?" అంది.
"ఆయ్."
"మరి బిళ్ళ ఇక్కడుందంటే?"

ఉప్పుటేరు గాలికి ఆటో రేకు కొట్టుకుంటోంది.
నేనేం మాట్లాడలేదు.
రోజూ రాత్రి తలుపు వేసే ముందు
తిరిగిరాని బిళ్ళలు చూసుకునేది నేనే.
ఒక్కో ఖాళీ మేకు ఒక్కో దిమ్మ బాకీ.
నాలుగేళ్ళ కిందటి తుఫానులో
బోటుతో పోయిన ఓలేటి పోలయ్య దగ్గర
రెండున్నాయి, పంతొమ్మిదీ ముప్పై మూడూ.
ఆ అంకెలు మళ్ళీ కొట్టించలేదు.

ఓడ బాగుచేతకు ఇక్కడ ఆగిందో,
వాడు జ్వరంతో ఆగాడో,
ఉత్త జేబు చిల్లో.
ఎక్కడో పొయ్యి పక్కన ఒకడు
నలభై ఆరుకీ నలభై ఎనిమిదికీ మధ్య
ఉత్తి మేకును చూసి చూసి
ఒక రొట్టె విడిగా ఉంచి ఉంటాడు.
మొదటి నాలుగు రోజులైనా.

బిళ్ళ సింగారమ్మే తీసుకెళ్ళింది.
వారం తర్వాత రాత్రి లెక్కలో
ఒక బిళ్ళ ఎక్కువ, ఒక దిమ్మ తక్కువ.
జారుబల్ల దగ్గరి కుర్రాడు చీకట్లో చూసుకోలేదట,
ఇత్తడే కదా అనుకున్నాడట.
చేపల గంప మీద గోనె కప్పుకుని
ఎవరో ఆడమనిషి వచ్చిందన్నాడు.

మా బల్లకు నలభై ఏడు ముందే ఉంది.
అదే మేకుకు దాన్నీ తగిలించాను.
పుస్తకంలో రాశాను:
నలభై ఏడు, రొట్టె ఒకటి.
ఎదురుగా సున్నా చుట్టి
గీత కొట్టేముందు
ఎవరూ లేరు కదా అని
ఒకసారి పైకి చదివాను.