ముప్పైఒకటి

గిరింపేటలో మా కాలేజీ ఆఫీసు వెనక గదిలో
పదమూడు రిజిస్టర్లుండాయి.
వాటిల్లో ఎర్రసిరా రాతంతా నాదే.

'చదువు మానినారు' అని రాసేదానికి
పేరుకి నాలుగు సెకన్లు పట్టేది.
ఎందుకు మానినారో రాయను గడి లేదు.
గడి ఉండింటే మాత్రం అడిగేవాణ్ణా?
టీ చల్లారిపోతాదని
గబగబా గీతలు కొట్టేవాణ్ణి.

పోయినేడు కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ మేడం
నా టేబుల్ మీద ఒక కాగితం పెట్టింది.
మానినోళ్ళు మళ్ళా వచ్చి ముగించుకోవచ్చంట,
యూనివర్సిటీ ఒప్పుకునిందంట.
"మీరే పిలవండి చెంగల్రాయుడు గారూ,
కొట్టేసింది మీరే కదా" అనింది.
నవ్వుతానే అనింది.
ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

ఫోన్లు ఏం పలకతాయి?
ఇరవై ఏండ్ల నాటి నంబర్లు,
సగం పక్కింటోళ్ళవి,
ఒకటి ఎప్పుడో మూసేసిన సోడా అంగడిది.
సైకిలెక్కినాను.

కట్టమంచిలో ఒకామె తలుపు సందులోంచి
"ఎంత బాకీ ఉండాము సార్?" అనింది.
మునస్వామి లారీ టైరుకు గాలి కొడతా
"ఇంగ్లీషు పేపరు ఇంకా బతికే ఉండాదా?" అన్నాడు.
ఉండాదన్నాను.
"అయితే అది పోయినాక వస్తా."
అమీర్‌జాన్ లేడు.
వాళ్ళమ్మ లోపలికి పిలిచి
వాడి బాటనీ రికార్డు చూపించింది.
మందారప్పువ్వు నిలువుకోత,
పెన్సిలు గీత ఒక్కటీ చెదరలేదు.
ఇంత బాగా గీసే పిల్లోడి మీద
నా గీత ఎంత వంకరగా పడిందో.

రెడ్డిరాణి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ దొరికింది.
షిఫ్టు దిగి వస్తా ఉండాది,
మోచేతుల దాకా బెంగుళూరా రసం ఎండి,
ఈగల్ని తోలుకుంటా.
బీకాంలో స్టాటిస్టిక్సు ఒక్కటే మిగిలింది.
తప్పింది కాదు, రాయలేదు.
ఎందుకు రాయలేదమ్మా అని
ఇరవై రెండేండ్ల తర్వాత అడిగినాను.

"వానలో హాల్‌టికెట్టు తడిసి ముద్దయిపోయింది సార్.
ఇంకోటి ఇమ్మంటే
కిటికీలోంచి మీరు 'రేపు రా' అన్నారు.
పరీక్ష ఆ పొద్దే."

నాకు గుర్తులేదు.
ఆమెకు నా చొక్కా రంగు కూడా గుర్తుండాది.

ఆదివారాలు గది తాళం నేనే తీసేవాణ్ణి.
మేడం లెక్కలు చెప్పేది.
ఒక లారీ సరుకులో ఎన్ని కాయలు మెత్తబడతాయో
రెడ్డిరాణికి చూపుతోనే తెలుసు.
దానికి సంభావ్యత అని పేరుందని తెలిసినాక
అరగంట కోపంగా కూచునింది.
"ఇదా? ఇంతేనా?" అని.

అప్లికేషన్ నింపినాను.
ఫీజు కిటికీ ముందర ఈ తూరి నేను నిలబడినాను.
లోపలి పిల్లోడు తల ఎత్తకుండా
"రేపు రాండి" అన్నాడు.
నేను కదల్లేదు.
నా వెనక వరస పెరిగింది, ఎవురో తిట్టినారు.
నేను కదల్లేదు.

ఫలితాలొచ్చినాయి. ముప్పైఐదు రావాల,
ముప్పైఒకటి వచ్చింది.
చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.
ఆమే పాత రిజిస్టరు తీయించింది.
తన పేరెదుట రాలేదని రాసిన గడి మీద
వేలు పెట్టి కొంచేపు ఊరకుండింది.

"ఇన్నేండ్లు ఈ పేపర్లో నాకు సున్నా కూడా లేదు సార్.
ఇప్పుడు ముప్పైఒకటి ఉండాది."

నీలం సిరాతో రాసినాను.
చెయ్యి కొంచెం వణికింది, ఒకటి మూడుకు తగిలింది.

"సప్లిమెంటరీకి ఆఖరు తేదీ ఎప్పుడు?"
క్యాలెండరు చూసినాను.
సరిగ్గా సీజన్ మధ్యలో పడతా ఉండాది.
నైట్ డ్యూటీ అడుగుతానని లేచింది.

ఆమె పోయినాక
కుర్చీ మీద పండ్ల వాసన,
దాన్ని వదలని ఒక ఈగ.