గ్యాథర్‌కోల్ కాలువ

నవంబరు గురువారం. హాలు తాళాలు నా దగ్గరే ఉంటాయి,
పోస్టాఫీసు కౌంటరు మూసి వెళ్ళి తలుపు తీశాను.
ఆమె అప్పటికే వ్యాను వెనక్కి పెట్టి
తెరను చాపలా చుట్టి భుజాన వేసుకుని నిలబడి ఉంది.
పేరు ఇమోజెన్ థర్లో. అరవై దాటి ఉంటాయి.
పంపిణీదారు లేడు. పోస్టరంటే
వారం నుంచి నా కిటికీలో వంకరగా వేలాడుతున్న
చేతిరాత కాగితమే.

పదిహేడు కుర్చీలు వేశాను. పద్నాలుగు నిండాయి.
రొద ఎక్కువని హీటరు ఆపేస్తే
కోట్లు విప్పకుండానే కూర్చుంది ఊరు.

సినిమాలో ఏమీ జరగదు.
మొదటి ఆరు నిమిషాలు ఒక రోడ్డు.
రోడ్డుకన్నా పొలం కింద, పొలంకన్నా కాలువ పైన.
నీళ్ళు తలల మీదుగా పోతున్నా
ఈ ఫెన్స్ దేశంలో ఎవరికీ వింత కాదు.
చిత్తడిని తోడారు, తోడినకొద్దీ నేల కుంగింది,
కుంగినకొద్దీ మళ్ళీ తోడారు.
ఆమె గొంతు ఇంతే చెప్పి ఊరుకుంది.
పంపు మోత మాత్రం చెబుతూనే ఉంది.

తర్వాత నల్లమట్టి, తెర నిండా.
నేను రేగడి మీద పుట్టినదాన్ని:
ఎండకు నెర్రెలు విచ్చి, వానకు మూసుకుని
కాలికి రెండో చెప్పులా అంటుకునే మట్టి నాది.
ఇది అంటదు. ఎండితే లేచిపోతుంది.
ఏప్రిల్ గాలికి విత్తనంతో సహా లేచి
పక్కవాడి పొలంలో దిగుతుందట.
ఒకడు చల్లింది ఇంకొకడు కోస్తాడు,
కోర్టుకెక్కినవాడు ఇంతవరకు లేడు.

నాగలికి చెట్టు తగిలే చోటు ఒకటుంది.
ఐదు వేల ఏళ్ళ ఓక్ మాను,
బొగ్గులా నల్లగా, తడితడిగా.
గొలుసేసి ట్రాక్టరుతో లాగుతుంటే
అడ్డం తిరిగిన దూడను లాగుతున్నట్టే ఉంది.
గట్టున పడేసి డ్రైవరు బంగాళదుంపల్లోకి వెళ్ళిపోయాడు.
కెమెరా వెళ్ళలేదు.
చీకటి పడేదాకా మాను పక్కనే ఉండిపోయింది.

అప్పుడు వెనక వరసలోంచి లెన్ గ్యాథర్‌కోల్:
"అది మా కాలువ కాదు."
ఎనభై మూడేళ్ళు. పింఛను రోజున కూడా
నాతో వాన గురించి తప్ప మాట్లాడి ఎరగడు.
"నువ్వు చెప్పేది మా తాత తవ్విన కాలువ.
చూపించేది అవతలి ఊరిది. వంపు చూడు, ఎడమకు తిరిగింది.
మాది కుడికి తిరుగుతుంది.
తవ్వుతుంటే అక్కడ మా చిన్నతాత దిగబడిపోయాడు.
ఆ చోటు వదిలేసి పక్కనుంచి తవ్వారు."

ఇమోజెన్ బొమ్మను నిలిపేసింది, నీళ్ళతో సహా.
పెన్ను కోసం జేబులన్నీ తడుముకుంటే
గొలుసు తెగిన నా కౌంటరు పెన్ను ఇచ్చాను.
అరచేతిలో రాసుకుంది: కుడికి.
తరవాత అడిగింది, పేరేమిటి?
నాదా, అన్నాడు లెన్.
దిగబడిన ఆయనది.

హాల్లో ఎవరూ దగ్గలేదు.
"ఆంబ్రోస్."
ఎన్నేళ్ళుగా తెరవని గేటో, కిర్రుమంది గొంతు.

మిగతా సినిమా ఆ రాత్రి మేము చూడనే లేదు.
ఒక్కొక్కరే లేచి తెర దగ్గరికి పోయి
వేలు పెట్టి చూపించారు:
ఇక్కడ మలుగు చేపల బుట్టలు దించేవాళ్ళం,
ఇక్కడ వంతెన, అంటే ఒక పలక,
ఇదిగో ఇక్కడే మా అమ్మ సైకిలుతో సహా పడింది.
వాళ్ళ చేతుల నీడలు పొలమంతా పడ్డాయి.

తెర చుడుతూ ఆమె చెప్పింది,
మొదటి ఊళ్ళో ఈ సినిమా డెబ్భై నిమిషాలట.
ఇది ఇరవై రెండో ఊరు. రెండు గంటలకు పది తక్కువ.
ఎప్పటికి పూర్తవుతుంది, అన్నాను.
"డీజిలు ఉన్నంత కాలం," అంది,
దేనికి జవాబో తెలియలేదు.
నా పెన్ను ఆమెతోనే పోయింది.

సోమవారం లెన్ వచ్చాడు. పింఛను రోజు కాదు.
ఒక కవరు, ఒక స్టాంపు.
ఆమె ఇల్లెక్కడో ఇద్దరికీ తెలియదు,
తరువాతి హాలు పేరు రాశాం.
తూకంలో పెడితే లోపల పొడిగా ఏదో జారింది.
ఏమిటని నేను అడగలేదు.
ఒక స్టాంపు చాలదన్నాను.