బుధవారం ముద్ద

తలుపు పిడికి మళ్లీ సంచీ వేలాడుతోంది.
లోపల కేల్. అంచులన్నీ కుచ్చిళ్లు పోసుకుని
ఇస్త్రీ ఎరగని పచ్చ పరికిణీలా.
రాత్రి మంచు ఇంకా మడతల్లో పలుకులు పలుకులుగా ఉంది.
"మంచు కరిచాకే దీనికి తీపి" అంటాడు ఆర్చీ,
మూడిళ్ల అవతల ఉండే ముసలాయన,
తను మాత్రం ఎన్ని మంచులు కరిచినా తియ్యబడని మనిషి.

డండీలో నవంబరంటే
మధ్యాహ్నం మూడున్నరకే వంటింట్లో లైటు.
సింకు నిండా చన్నీళ్లు, గుప్పెడు ఉప్పు.
ముంచితే పైకి తేలుతుంది ఆకు,
తలంటుకి చిక్కని పిల్లలా.
మొదటి నీళ్లలో మన్ను,
రెండో నీళ్లలో గోరంత నత్త,
మూడో నీళ్లలో ఏమీ లేదు.
ఏమీ లేదంటే నమ్మను. నాలుగోసారి కడుగుతాను.

తర్వాత ఈనె.
తొడిమ పట్టుకుని వేళ్ల సందున సర్రున లాగాలి.
మొదట్లో తెలీక ఈనెతోనే వండితే
మా ఆయన చాలాసేపు నమిలి
"ఇది కూరా, కొబ్బరి పీచా?" అన్నాడు.
తోటకూర అనుకుని పప్పులో వేశాను, ఉడకనంది.
గోంగూర అనుకుని నూనెలో మగ్గించాను, పులవనంది.
చివరికి ఉప్పూ నిమ్మరసం చల్లి
పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు పిసికితే
అప్పుడు, ఒక్కసారిగా, గిన్నెడు ఆకు గుప్పెడై లొంగింది.

ఈనెలు పారేయను.
సన్నగా తరిగి పచ్చిమిర్చితో వేయించి
రాతి కల్వంలో కచ్చాపచ్చాగా నూరితే
రెండు పూటలకి పచ్చడి.

ఆర్చీ తినడు.
పోయిన వేసవిలో, నేను పనిచేసే మందుల షాపులో,
కౌంటరుకి అటు అతను, ఇటు నేను.
రక్తం పలచబరిచే మాత్రలు:
నీలిది ఒకటి, గోధుమరంగువి రెండు.
"ఆకుకూరలతో జాగ్రత్త" అని కాగితంలో చదువుకుని
అరవై ఏళ్లుగా తిన్నదాన్ని ఒక్క పూటలో మానేశాడు.
పెంచడం మాత్రం మానలేదు.
"చేతులకి పనుండాలిగా" అని
శనివారం శనివారం నా తలుపుకి సంచీ.
కనిపిస్తే ఒక్కటే అడుగుతాడు: "ఎలా ఉంది?"
ఆ ప్రశ్న నా గొంతులో
తీయని ఈనెలా అడ్డం పడేది.

మొన్న ఉండబట్టలేక చెప్పాను:
ఆ మాత్రకి గిట్టనిది ఆకు కాదు ఆర్చీ, అదుపు లేకపోవడం.
ఒక వారం విందు, ఒక వారం పస్తు, అదీ చిక్కు.
ఎంత తింటావో ప్రతి వారం అంతే తిను.
నా మాట కాదు, క్లినిక్కులో అడుగు.
అడిగాడు. నర్సు ఇసోబెల్
రక్తం పరీక్షలు రాసుకుని, కొంచెంతో మొదలుపెట్టమంది.

అందుకే ఈ సాయంత్రం
ఉప్పునీళ్లు తెర్లుతున్నాయి.
రెండు నిమిషాలు, గడియారం చూసి మరీ.
తీసి ఐసునీళ్లలో వేస్తే
ఆకు ఉలిక్కిపడి ఇంకా పచ్చనౌతుంది.
పిండి, ఉండకట్టి, త్రాసులో పెట్టి,
ఒక ఆకు తీసి, అర ఆకు వేసి,
ఉండ ఉండకీ ఎనభై గ్రాములు.
పన్నెండు ఉండలు గడ్డకట్టాక సంచుల్లోకి.
అలవాటు పోనీక చీటీ కూడా అంటించాను:
"బుధవారం. ఒకటి. భోజనంతో."
మిగిలిన పచ్చి ఆకు మాకు,
తడి పీల్చే కాగితంలో చుట్టి
ఫ్రిజ్ కింద అరలో, ఐదు రోజులు ఢోకా లేదు.

బుధవారం వచ్చాడు, బూట్ల మట్టి గుమ్మం బయట దులిపి.
పెసరపప్పు, ఒక ఉండ,
వెల్లుల్లి నాలుగు రేకలు, ఇంగువ పోపు.
ఎండుమిర్చి ఏరి పళ్లెం అంచున
గడ్డివామిలా పేర్చాడు.
ఈసారి నేనడిగాను: "ఎలా ఉంది?"

నమిలాడు. కిటికీ బయట చీకటిని చూశాడు.
మళ్లీ నమిలాడు.
"ఇంకొంచెం మంచు పడాల్సింది" అన్నాడు
పళ్లెం నా వైపు జరిపి.
ఒకటే, అని చీటీ చూపించాను.