పద్దెనిమిదో మోకాలు

మారతహళ్ళి పీజీలో, పైమంచం మీద పడుకుని
ఎవరెవరి మోకాళ్ళ నొప్పులో నేనే పడుతుంటాను.
నొప్పికి పన్నెండు రూపాయలు.

పొద్దుట్నుంచి పదిహేడయ్యాయి.
హోసూరు లారీ డ్రైవర్నయ్యాను,
మెట్లెక్కలేని రిటైర్డు టీచరమ్మనయ్యాను,
"వారం తిరక్కుండా బస్సు వెనక పరిగెత్తా" అన్నాను.

"అంత శుభ్రంగా రాయకు," ఫోన్లో తిప్పేశ్,
"రెండు తప్పులు పెట్టు. తప్పులుంటేనే జనం నమ్మేది."
నొప్పిని 'నోప్పి' చేస్తాను.
అక్కడక్కడా ఒక నక్షత్రం తుడిచేస్తాను.

ఆ సీసా నేనెప్పుడూ చూడలేదు.
నూనె పచ్చనో నల్లనో.

నా అబద్ధాల మధ్య ఇరుక్కుని ఎవరో
నాగవేణమ్మ, యశవంతపుర. రెండే నక్షత్రాలు:
"వాసన బాగుంది. నొప్పి అట్లనే ఉంది.
మూత మాత్రం గట్టిది.
సీసా కడిగి ఆవాలు పోసుకున్నా."

ఇది ఎంతమందికి పనికొచ్చిందీ అంటే
కింద సున్నా.
నొక్కాను. ఒకటయింది.

దుప్పటి కింద నా మోకాలు తడుముకున్నాను,
చల్లగా ఉంది, ఏమీ ఎరగనట్టు.

తర్వాత పద్దెనిమిదోది రాశాను:
నొప్పి మాయం, ఐదు నక్షత్రాలు,
ఖాళీ సీసాలో ఆవాలు పోసుకున్నాను.

తిప్పేశ్ వెంటనే ఫోన్ చేశాడు.
"ఇదీ! ఇది అచ్చం నిజంలా ఉంది."