మిగిలిన చిల్లర

హెల్సింకి రేవులో సముద్రం గడ్డకట్టిన ఫిబ్రవరి.
ఈ శుక్రవారంతో నా గది ఖాళీ.
ఇరవై ఆరేళ్లు ఇతరుల డబ్బుతో
ఇతరుల కలలు కొన్నాను.
నాదని పట్టుకెళ్లడానికి మిగిలింది
ఒక కాఫీ కప్పు, నాలుగు నోటు పుస్తకాలు,
సొరుగు అడుగున ఒక కవరు.

లెక్క అడిగితే దాచను.
నలభై మూడు కంపెనీలు.
ముప్ఫై ఒకటి పోయాయి,
కొన్ని పేపర్లకెక్కి, గోల చేసి,
ఎక్కువ భాగం మాత్రం
మంగళవారం మధ్యాహ్నం ఒక ఈమెయిల్లో,
చావు కబురు చల్లగా.
పదకొండు కుంటుకుంటూ వచ్చి
పెట్టినదాన్ని పెట్టినట్టు చేతిలో పెట్టాయి.
ఒకే ఒక్కటి,
ఓడల్లో ఖాళీ కంటెయినర్లను లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్,
మిగతా నలభై రెండింటి నష్టమూ పూడ్చి
నన్ను దూరదృష్టి గలదాన్ని చేసింది.

నిజం చెప్పనా?
ఆ రోజు నాకు పంటి నొప్పి.
ఎదురు ప్రశ్నలు వేసే ఓపిక లేక సరేనన్నాను.
తర్వాత వేదికలెక్కి
ఆ పంటి నొప్పికే
పద్ధతి అని పేరు పెట్టి పాఠం చెప్పాను.
కుర్రవాళ్లు రాసుకున్నారు.

కాదనడం నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది.
"ఇప్పుడే కాదు" అనేదాన్ని,
"ఇంకొంచెం ఎదిగాక రండి" అనేదాన్ని,
తలుపు తెరిచే ఉంచి గొళ్లెం వేసే మాటలు.
నోటు పుస్తకాల్లో తారీఖుల వారీగా ఉన్నారు వాళ్లంతా.
ఔలు నుంచి రాత్రి రైల్లో వచ్చి
టై ముడి వేసుకోవడం రాక
మా రిసెప్షన్లో వాప్పు చేత కట్టించుకున్న కుర్రాడు.
పెద్ద కోటు విప్పకుండానే, చెమటలు కక్కుతూ,
ముప్ఫై స్లైడ్లు చూపించిన మిర్వా.
కోటు కింద ఆరో నెల.
గమనించాను.
గమనించనట్టు నటించాను.
గమనించినందుకే కాదన్నాను.
ఆ పేజీలో "మార్కెట్ చిన్నది" అని ఉంది.
దస్తూరీ నాదే.

ఇక కవరు.
ఇల్పో కార్వినెన్. సరస్సు మీద మంచు ఎంత మందమో
దాని మోతను బట్టి చెప్పే పెట్టె చేశాడు.
చలికాలపు చేపల వేటగాళ్లు చేతిలోకి తీసుకుని ముచ్చటపడ్డారు.
కొన్నవాళ్లు పందొమ్మిది మంది.
మిగతావాళ్లకి తాతలిచ్చిన గునపాలున్నాయి.

మూసేసిన రోజు లాయర్ని పంపలేదు.
తానే వచ్చాడు, బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుని.
"జీతాలన్నీ ఇచ్చేశాను. కుర్చీలు అమ్మాను,
కాఫీ మిషను కూడా. ఇది మీది" అంటూ
రెండువందల పద్నాలుగు యూరోల అరవై సెంట్లు
బల్ల మీద లెక్కపెట్టాడు.
మేం పెట్టింది తొమ్మిది లక్షలు.
నవ్వొచ్చింది. నవ్వలేదు.
రసీదు అడిగి తీసుకుని
మడతపెట్టి జేబులో దాచుకున్నాడు.

అంత చిన్న అంకెను మా లెక్కల ప్రోగ్రాం
పొరపాటనుకుని తిప్పికొట్టింది.
సొరుగులో పడేశాను. పదకొండేళ్లు.

ఇవాళ ఆ కవరు కోటులో పెట్టుకుని రేవుకి నడిచాను.
దూరాన ఒక ముసలాయన వంగి
గునపంతో మంచును ఒక దెబ్బ కొట్టి, ఆగి,
చెవి పెట్టి విని, ఇంకో అడుగు వేస్తున్నాడు.
నేనూ దిగాను,
ఈసారి నా సొంత బరువుతో.

కింద ఎక్కడో ఏదో మోగింది,
పొడుగ్గా, తీగ లాగినట్టు.
నిలబడమనో, వెనక్కి వెళ్లమనో.
తొమ్మిది లక్షలు పెట్టాను గానీ
ఆ మోతకి అర్థమేమిటని
ఇల్పోని ఒక్కసారీ అడగలేదు.