నైట్ హాల్ట్

రైలు రేపు రాత్రి, సికింద్రాబాద్‌ల.
ముప్పై ఎనిమిది రోజులు.
పూరీ, కాశీ, హరిద్వార్, ఆ తర్వాత ఏదో మంచుకొండ,
పేరు టికెట్టు మీద ఉంది గని నోట్లె తిరుగుతలేదు.

మొన్న ముప్పై ఒకటికి డ్యూటీ దిగిపోయిన.
ఇరవై ఏడేండ్లు దేవరకొండ డిపోల కండక్టర్ని.
మల్లేపల్లి, చింతపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం,
నిద్రల లేపి అడిగినా స్టేజీలు వరుస తప్పవు.
ఎందరి మూటలు లోపలికి గుంజిన,
ఎందర్ని "జరుగుండ్రమ్మా, లోపలికి జరుగుండ్రి" అన్న.
దూరం పోయేటోళ్లు ఎప్పుడూ వాళ్లే.
నేను పోయిన తొవ్వనే మళ్ల వచ్చిన.

సూట్‌కేసు మంచం మీద నోరు తెరిచి ఉంది.
అండ్ల ఏం పెట్టాల్నో తెల్వక
ఇల్లంత తిరుగుతున్న.
తిరుగుతుంటె సమజైంది,
దీన్ని నేను పగటిపూట సరిగ్గ చూడనేలే.

నాలుగున్నరకు తాళమేసుడు, రాత్రి పదింటికి తీసుడు.
వారానికొక్క ఆఫ్, అదీ నిద్రకే సాలకపాయె.
నైట్ హాల్ట్ అంటం మేము,
బస్సు పండేటి ఊరిని.
తెల్లారితె ఆ ఊరి మొఖం ఎవ్వరం చూడం.

పదకొండున్నరకు వంటింటి కిటికీలకెల్లి ఎండొచ్చింది.
షాబాదు బండ మీద కాలు పెట్టి
మెల్లగ జరుగుకుంట జరుగుకుంట
బియ్యం డబ్బా దిక్కు పోయింది.
టికెట్టు లేని ప్యాసింజరు.
ఇల్లు కట్టిన కాడికెల్లి రోజూ ఎక్కుతుందేమో,
రోజూ ఆడ్నే దిగుతుందేమో,
నేను చెకింగ్ చేసిందెన్నడు?

గోడ మీద పగులు, ఇంత సన్నగ, చీర పోగోలె.
మేస్త్రీ లింగస్వామి అప్పుడే చెప్పిండు,
నల్లరేగడి జాగ, వానకు ఉబ్బుతది, ఎండకు దిగుతదని.
లోను పైసలు ఒడిసిపోయి పునాది లోతు తీయలే.
ఇయ్యాల దాని మీద వేలు పెట్టి
అటుకెల్లి ఇటు నడిపిచ్చిన.
మాల్ కాడి మలుపులెక్కనే ఉంది.

జాలాట్ల నల్లా చుక్కచుక్క పడుతుంది.
వాషర్ మార్చాలె, మార్చాలె అనుకుంట మూడేండ్లు.
పీట ఏసుకుని కూసున్న దాని ముంగట.
మా ఊరి బోరునీళ్లు తాగి తాగి
మా అండాలక్క నడుము ముప్పై ఏండ్లకే వంగింది.
గీ కృష్ణ నీళ్లు నా ఇంట్ల
అడిగేటోడు లేక రాత్రంత కారినయ్.
లేచి కిందికి సర్వ పెట్టిన.

తాళంచెవి ఇయ్యనీకె పోతె
మాసూంబీ నవ్వవట్టె.
"నీ ఇల్లు నాకు కొత్తనా సైదమ్మా?
నీ అరుగు మీద కూసునే సాలంత చింతపండు కొడత.
పోస్టాయన సద్ది ఆడ్నే ఇప్పుతడు.
మా పుంజుపెట్టలు నీ మెట్ల కింద
రెండు సార్లు పిల్లలు లేపినయ్.
నీకు చెప్పలే, చెబుదామంటె నువ్వుండవైతివి."

కోపమొస్తదనుకున్న. రాలే.
ఇంట్ల నేనొక్కదాన్నే అనుకుంట
గిన్నేండ్లు బుగులుతోని తాళమేసిన.
అది సీటు ఖాళీ పెట్టుకోలేదు.

ఉన్ని స్వెట్టరు పెట్టిన, మందుల డబ్బి పెట్టిన,
అక్క పంపిన చింతతొక్కు రెండు కవర్లల్ల చుట్టిన.
మొలకున్న విజిల్ తీసి అండ్లేసిన.
ఎందుకని మళ్ల తీసి మొలకే తగిలిచ్చిన.
ఇంట్ల ఎవరో ఒకరు ఉన్నట్టుంటది.

మా డిపో ఆడోళ్లు ఫోన్ చేసిండ్రు,
పొద్దున్నే బయలెల్లుదాం, ఊరంత తిరుగుదాం అని.
మీరు పోండ్రి, నేను ఒంటిగంట బస్సుకొస్త అన్న.
ఏం పనుందే అంటె చెప్పలే.

రేపు పదకొండున్నరకు ఎండ మళ్ల ఎక్కుతది.
బియ్యం డబ్బా దాక పోనీకె
దానికెంత సేపు పడుతదో చూసి పోత.