సోరెవాన్: చూడుము సోరెవాన్

లెర్విక్ రేవులో హెరింగ్ పీపాల లెక్క రాసే గుమస్తా
గిడియన్ హాల్‌క్రో.
పగలంతా చేపలు, రాత్రంతా ఎల్ఫులు.
లెక్క తీరిన కాగితాల వీపు మీద
ఒక రాజ్యం కట్టాడు.
ఆయన పోయాక పదకొండు అట్టపెట్టెలు మిగిలాయి,
మూత తీస్తే ఇప్పటికీ ఉప్పు వాసన.

నా పని చిన్నది: పేర్ల సూచిక తయారుచెయ్యడం.
అక్షరం వెంట అక్షరం సాఫీగానే నడిచాను
సోరెవాన్ దగ్గర కాలు జారేదాకా.

ఎల్ఫుల రాజు. అంతవరకూ ఖాయం.
మూడో పెట్టెలో జుట్టు వెండి,
ఏడో పెట్టెలో కాకి నలుపు.
ఒకచోట తండ్రి ఉన్నాడు, తండ్రికో గుర్రం ఉంది;
మరోచోట గుర్రం ఒక్కటే.
రాణి పేరు మూడుసార్లు మారింది,
మూడుసార్లూ ఆమెది ఎడమచేతి వాటమే.
నీలిరాతి వంతెన మీద చచ్చిపోయినవాడు
పన్నెండేళ్ల తర్వాత గీసిన పటంలో
సముద్రం ఆవలి ఒడ్డున ఇల్లు కట్టుకుని
పక్కనే ఉల్లిమడి వేసుకున్నాడు.
ఉల్లిమడి!
పెన్సిల్ సన్నగా చెక్కి, ఓపిగ్గా గీసిన తొమ్మిది చాళ్లు.
చచ్చినవాడికి అంత ఓపికెక్కడిది?

ఏది ముందు, ఏది వెనక?
రాజు వైపు తేదీల్లేవు. చేపల వైపు ఉన్నాయి.
కాగితం తిప్పి చదవడం మొదలుపెట్టాను.
'నలభై రెండు పీపాలు, ఆగస్టు, గాలి వాయవ్యం'
అంటే పట్టాభిషేకం.
'వల చిరిగింది, సరుకు రాలేదు'
అంటే నలభై చలికాలాల మౌనం.
అన్నేళ్లూ ఆయన ఏ గదిలో కూర్చున్నాడో
ఎవరి ఉత్తరం తెరవకుండా పెట్టుకున్నాడో
ఎల్ఫులకూ తెలియదు, హెరింగులకూ తెలియదు.

"ఆ మౌనం గిడియన్‌దే," అంది పక్క బల్ల ఇంగా.
"భార్య వదిలి వెళ్లిన ఏడాది అయ్యుంటుంది."
ఆయనకి పెళ్లే కాలేదన్నాను.
"అయితే ఇంకెవరో వెళ్లుంటారు," అంది,
"వెళ్లేవాళ్లకేం కరువు?"

ఒక కాగితం ఫౌలా దీవిలో ఉందని తెలిసింది.
రెండుసార్లు గాలి తిప్పి పంపింది, మూడోసారి దిగాను.
విల్లమినా రాటర్, తొంభై ఒకటి,
బిస్కెట్ డబ్బాలోంచి తీసి చూపించింది, ఇవ్వలేదు.
"దాని వెనక నా స్వెట్టర్ లెక్క ఉంది."
నిజమే. పీపాల గళ్ల నిండా ఆమె కుట్లు:
మూడు తెలుపు, ఒక నీలం, మూడు తెలుపు.
ఇటు తిప్పితే గిడియన్ చేతిరాత.
చరిత్రకారుడు అడుగుతున్నాడు:
ప్రభూ, ఇన్ని కథల్లో ఏది నిజమని రాయను?
రాజు అంటున్నాడు:
అన్నీ రాయి. మా ఆయుష్షు పొడుగు.
అన్నీ జరగడానికి చోటు సరిపోయింది.
ఆ కింద ఇంకొక్క వాక్యం,
'ఆ రాత్రి సోరెవాన్ ఒక్కడే దిగివచ్చి, పడవను'
అక్కడ కత్తెర.
డబ్బాలో పట్టలేదట.

పడవను ఏం చేశాడండీ?
ఆమె సూదులు ఆగలేదు.
"నెట్టుంటాడు. తగలబెట్టుంటాడు.
పడవని ఇంకేం చేస్తారు?
టీ చల్లారిపోతోంది, తాగు."

రేవులో నోట్‌బుక్ మోకాళ్ల మీద పెట్టుకుని
ఏడు నెలల పనికి ఒక వరస రాశాను:
సోరెవాన్: చూడుము సోరెవాన్.
ఉద్యోగం పోతే పోనీ.

పడవ నడిపే కుర్రాడు ఆమె మనవడే.
ఒంటి మీద అదే స్వెట్టర్,
మూడు తెలుపు, ఒక నీలం,
మోచేతి దగ్గర ఏదో వేరే ఊలు అతుకు.
నేనెక్కానో లేదో చూసుకున్నాడు,
కళాసీలా తాడు విప్పి, బూటు అంచుకి ఆనించి,
ఏమీ ఆలోచించకుండా
పడవను